పీకుడు డాక్టరు వేసిన ముడి

ఆ ఆసుపత్రిలో ఆయన్ను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే డాక్టరుగారు, పక్కకి తిరిగితే పీకుడు డాక్టరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా కోపం తెచ్చుకోలేదు, ఎందుకంటే అందులో అబద్ధమేమీ లేదు. క్యాన్సరుకి మందు ఎక్కించబోయే ప్రతి మనిషీ ముందు ఆయన గది గుమ్మం తొక్కాల్సిందే. నోట్లోకి దీపం వేసి చూసేవాడు. పుచ్చిన పన్నయినా, కదిలే పన్నయినా, రేపోమాపో తంటా తెచ్చేలా కనిపించే పన్నయినా సరే, బయటికి రావాల్సిందే. బతిమాలితే వినేవాడు కాదు. ఏడిస్తే గ్లాసుతో నీళ్ళిచ్చి, ఏడుపు అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, మళ్ళీ నోరు తెరవమనేవాడు.

ఇంత కఠినం ఎందుకంటే దానికో లెక్క ఉంది. మందు మొదలయ్యాక ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తి అడుగంటిపోతుంది. మామూలు మనిషిని కాసేపు సలిపి ఊరుకునే పన్ను, ఆ స్థితిలో ఉన్నవాడిని నేరుగా ఐసీయూకి ఈడ్చుకెళ్తుంది. అప్పుడు పీకుదామన్నా కుదరదు, కారిన రక్తం గడ్డకట్టదు. అలా పోయినవాళ్ళను ఆయన కళ్ళారా చూశాడు. అందుకే పన్ను దగ్గర ఆయనకి జాలి లేదు. మనిషి మీద ఉన్న జాలంతా పన్ను మీద కోపంగా మారిందేమో అని ఆయన భార్య అంటూ ఉండేది.

ఆయన పనిలో ఇంకో సగం ఉంది. అది ఎవరి కంటా పడేది కాదు. ఐసీయూలో గొంతులో గొట్టంతో స్పృహ లేకుండా పడి ఉన్నవాళ్ళకి నోరుంటుందని ఎవరికీ గుర్తుండదు. గుండెకీ ఊపిరికీ కిడ్నీలకీ తలా ఒక యంత్రం, తలా ఒక డాక్టరు. నోరు మాత్రం ఎండిపోయి, పెదాలు పగిలి, నాలుక మీద చెక్కు కట్టి అలా తెరుచుకుని ఉంటుంది. అక్కడ పేరుకున్న మురికే గొట్టం పక్కనుంచి జారి ఊపిరితిత్తుల్లో దిగితే, క్యాన్సరు చేయాల్సిన పని అదే చేసి పెడుతుంది. రోజూ పొద్దున్నే ఆయన చిన్నపిల్లలకి వాడే మెత్తటి బ్రష్షూ, పుల్లకి చుట్టిన స్పాంజీ, ఉమ్ము లాగే గొట్టం పట్టుకుని మంచం మంచానికీ తిరిగేవాడు. మెలకువగా ఉన్నవాళ్ళతో ముక్తసరిగా మాట్లాడే మనిషి, అక్కడ మాత్రం తెగ మాట్లాడేవాడు. కాస్త ఇటు తిరగండి, అయిపోవచ్చింది, నాలుక బయటికి పెట్టినంత పనిచేశారు, భేష్. అందులో సగమైనా ఇంట్లో మాట్లాడితే తను రేడియో పెట్టుకోవాల్సిన అవసరం ఉండేది కాదని భార్య దెప్పేది.

గర్వపడటానికి ఆయనకంటూ పెద్దగా ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక్క ముడి. గొంతులో గొట్టం వేసేటప్పుడు కదిలే పన్ను ఊడి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. పీకే వీలు లేకపోతే ఆ పన్ను మొదట్లో పట్టుదారం చుట్టి, ముడివేసి, దారం కొసని పెదవి మూల నుంచి బయటికి తెచ్చి బుగ్గకి టేపుతో అంటించాలి. పన్ను ఊడినా దారానికి వేలాడుతుంది తప్ప లోపలికి పోదు. గిజగిజలాడే మనిషి నోట్లో రెండు వేళ్ళు దూర్చి, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఆ ముడి వేయడం అంత తేలిక కాదు. ఆయన వేస్తుంటే చూడటానికి కుర్ర డాక్టర్లు పక్క వార్డుల నుంచి వచ్చేవాళ్ళు. ఆయన వేసిన ముడి జారిందన్న మాట ఆ ఆసుపత్రిలో ఎవరూ వినలేదు.

అలాంటి ఆయన గదికి ఒకరోజు టైలరమ్మ వచ్చింది, వెంట చెల్లెల్ని పెట్టుకుని. అక్కకి రక్తంలో క్యాన్సరు. భర్త పోయి చాలాకాలమైంది. చెల్లెలు పెళ్ళి మాటెత్తితే నవ్వేసి అక్క దగ్గరే ఉండిపోయింది. ఇద్దరూ ఓ సందులో బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుని, ఎదురెదురుగా రెండు మిషన్లు వేసుకుని, నడుమ ఒకే ఫ్యానుతో రోజంతా కుడుతూ, పోట్లాడుకుంటూ బతుకుతున్నారు. ఫ్యాను ఎవరివైపు తిప్పాలన్నదే వాళ్ళ జీవితంలో పెద్ద తగాదా అని టైలరమ్మ కుర్చీలో కూర్చుంటూనే చెప్పింది.

ఆయన ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూస్తున్నాడు. ఇంతలో మోచేతి దగ్గర చిన్న చప్పుడైంది. తిరిగి చూస్తే చెల్లెలు ఆయన కోటు చేతికి వేలాడుతున్న దారాన్ని బొటనవేలంత కత్తెరతో కత్తిరించి, ఆ ముక్కని చెత్తబుట్టలో వేసి, మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడింది. తనేదో చేసినట్టు ఆమెకే తెలియదు.

"ఏమీ అనుకోకండి డాక్టరుగారూ. దారం వేలాడితే దీని చెయ్యి ఊరుకోదు. బస్సులో ముందు కూర్చున్నవాడి చొక్కాకి కనిపించినా కత్తిరించేస్తుంది. ఎవడో ఒకడు చెంప పగలగొట్టేదాకా మానదు" అంది టైలరమ్మ.

నోరు తెరిస్తే ముందు పళ్ళ అంచుల్లో చిన్న చిన్న గాట్లు కనిపించాయి. ఏళ్ళ తరబడి దారం కొరికితే పడే గాట్లవి. వెనక దంతాల్లో కొన్ని పుచ్చాయి. పైవరస ముందు పన్ను ఒకటి చిగురు వదిలి కదులుతోంది. అన్నీ తీసేయాలని ఎప్పటిలాగే మొహమాటం లేకుండా చెప్పేశాడు. వెనకవి మీ ఇష్టమండీ, ముందుది మాత్రం వదిలేయండి, దారం దేంతో కొరకను అని అడిగిందామె. కత్తెర లేదా అన్నాడు. కత్తెర తీయాలంటే బట్ట వదలాలి, బట్ట వదిలితే కుట్టు వంకరపోతుంది, నా నోరే నాకు మూడో చెయ్యి అని చేతులు తిప్పుతూ వివరించింది. ఆ చెప్పే తీరుకి ఆయన నవ్వేశాడు. ఆ గదిలోంచి నవ్వు వినపడేసరికి బయట కూర్చున్న ఆయా తలుపు తీసి లోపలికి తొంగిచూసింది.

నవ్వు ఆగాక టైలరమ్మ గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "మళ్ళీ మిషను దగ్గర కూర్చుంటానని నన్ను నేను నమ్మించుకుంటున్నాను సార్. ఆ పన్ను పోతే ఆ నమ్మకం కూడా పోయేట్టుంది."

ఆయన ఎక్స్‌రేని మళ్ళీ చూశాడు. ఎముక కొంత మిగిలే ఉందనుకున్నాడు. చీము లేదుగదా అనుకున్నాడు. శుభ్రం చేసి వదిలితే ఈ చికిత్స వరకు గట్టెక్కుతుందనుకున్నాడు. ఇవే సాకులు వేరే ఎవరైనా చెబితే చెవిన కూడా పెట్టేవాడు కాదు. వెనక పళ్ళు పీకి, ముందు పన్ను వదిలేశాడు. ఆ రోజు ఇంటికెళ్ళి భార్యకి ఆ మూడో చెయ్యి సంగతి చెప్పి మళ్ళీ నవ్వాడు. ఏమైందీయనకి అనుకుంది ఆవిడ.

మందు మొదట్లో బాగానే ఒంటబట్టింది. తర్వాత జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, ఆ తర్వాత ఊపిరి అందడం మానేసింది. ఐసీయూ నుంచి కబురొస్తే ఆయన పరుగున వెళ్ళాడు. గొట్టం వేయాలి. ముందు పన్ను అప్పటికి చిగురులో ఊగిసలాడుతోంది. పీకితే రక్తం ఆగదు. తను దయతలచి వదిలిన పన్నే ఇప్పుడు ఆమె గొంతు మీద కత్తిలా నిలిచిందని తెలుస్తూనే ఉంది. కానీ అక్కడ బాధపడటానికి తీరిక లేదు. దారం తీశాడు.

ఆక్సిజన్ మాస్కు తప్పించిన ఆ కాస్త వ్యవధిలో టైలరమ్మ ఆయన వేళ్ళనే చూస్తూ పడుకుంది. ముడి బిగిశాక చేయి ఎత్తి, వేలి కొసతో పన్ను మొదట్లో తడిమింది. బట్టలో కుట్టు ఎలా ఉందో తడిమి చూసే అలవాటది. "బాగుంది" అంది. ఆ తర్వాత ఆమెకి నిద్రమందు ఇచ్చి గొట్టం వేశారు. ఆమె నోటి నుంచి వచ్చిన చివరి మాట అదే.

ఆయన రోజూ ఆ మంచం దగ్గరే ఎక్కువసేపు గడిపేవాడు. నోరు శుభ్రం చేసి, పెదాలకి మందు రాసి, ముడి చూసుకుని, టేపు సరిచేసేవాడు. ఈ దారం ముట్టుకోవద్దని నర్సులకి చెప్పాడు, డాక్టర్లకి చెప్పాడు, ఊడ్చేవాళ్ళకి కూడా చెప్పాడు. చెల్లెలికి మాత్రం చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మధ్యాహ్నం చూడనిచ్చే వేళకి ఆకుపచ్చ గౌను తొడుక్కుని, మాస్కు పెట్టుకుని వచ్చి, మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి వెళ్ళిపోయే మనిషి ఆమె. ఫ్యాను నీవైపే తిప్పి ఉంచానే అక్కా, త్వరగా వచ్చేయ్ అని రోజూ అదే మాట చెప్పేది.

ఒకరోజు సాయంత్రం పీకుడు డాక్టరుని హడావుడిగా పిలిచారు. దగ్గు తెరలో టైలరమ్మ ఒళ్ళంతా ఎగిరెగిరి పడిందట, ఊపిరి యంత్రం గోల పెట్టిందట, చూస్తే ముందు పన్ను లేదు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో అడుగున తెల్లగా, చిన్నగా అది కనిపించింది. ఆయన మంచం మీదికి వంగాడు. బుగ్గ మీద టేపు ఉంది. టేపు కింద గోరంత దారం ముక్క ఉంది. దాని కొస ఏటవాలుగా, నున్నగా, ఒక్క పోగు కూడా చెదరకుండా తెగి ఉంది. వార్డులో ఉండే మొండి కత్తెరలు దారాన్ని నములుతాయి తప్ప అలా కోయవు. ఆయనకేమీ అర్థం కాలేదు. టేపుని ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాడు.

ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సు గొట్టం టేపులు మార్చింది. వాటితోపాటు దారం కూడా కత్తిరించి ఉంటుందని అందరూ ఆమె మీదే పడ్డారు. ఇద్దరు పిల్లల తల్లి, ఆ వార్డులో ఎన్నో ఏళ్ళ నుంచి పనిచేస్తున్న మనిషి. దారం జోలికి పోలేదు మొర్రో అని ఆమె మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు. ఊపిరితిత్తుల డాక్టరు గొట్టంలోంచి పట్టకారు దింపి పన్ను బయటికి తీసే ఏర్పాట్లలో ఉన్నాడు. రక్తం వస్తే ఆపడం కష్టమని ముందే చెప్పాడు. అయినవాళ్ళకి చెప్పే పని పీకుడు డాక్టరు మీద పడింది.

చెల్లెలు బయట వసారాలో బల్ల మీద కూర్చుని ఉంది. పన్ను ఊడి లోపలికి జారిందని, తీస్తున్నారని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఆమె లేచి నిలబడి అంతా విన్నది. వింటూనే ఆమె కళ్ళు ఆయన కోటు అంచు దగ్గర ఆగాయి. చేయి సంచీలోకి వెళ్ళింది. చిన్న కత్తెర టక్కుమంది. వేలాడుతున్న దారం ముక్క ఆమె అరచేతిలో పడింది.

"ఇక్కడ ఎవరికీ శ్రద్ధ లేదు సార్. మధ్యాహ్నం చూస్తే అక్క పెదవి పక్కన కూడా దారం వేలాడుతోంది. కుట్లేసి కొస అలాగే వదిలేసినట్టున్నారు. నేనే తీసేశాను. ఒంటి మీద దారం వేలాడితే అక్కకి అస్సలు గిట్టదు" అంది.

ఆయన చేయి కోటు జేబులోని టేపు మీదికి వెళ్ళింది. చెప్పాలని నోరు తెరిచాడు. ఎదురుగా ఉన్న ఆ మొహంలో, అక్కకి తను చేయగలిగిన ఒక్క సేవ చేశానన్న తృప్తి కనిపించింది. మంచినీళ్ళు తాగారా అని మాత్రం అడగగలిగాడు.

పన్ను బయటికి వచ్చింది. దాన్ని తీసిన డాక్టరు నెత్తురుతో ఉన్నదున్నట్టే ఓ చిన్న గిన్నెలో పడేసి, దాని మొహం కూడా చూడకుండా తన పనిలో పడిపోయాడు. గిన్నె పీకుడు డాక్టరు చేతికొచ్చింది. కుళాయి కింద కడిగి చూశాడు. పన్ను మొదట్లో దారం చుట్టుకునే ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది, ఇసుమంత కూడా సడలలేదు. అంతటి దగ్గు తెరకీ, అంత లోతుకి జారినా ఆ ముడి పట్టు వదల్లేదు. దాన్ని చూస్తూ ఆయన అక్కడే నిలబడిపోయాడు. జీవితంలో తను వేసిన ముడులన్నిటిలోకీ మంచిది అదే కావచ్చు.

ఊపిరితిత్తిలో మొదలైన రక్తం ఆగలేదు. టైలరమ్మ ఆ వారం దాటలేదు. న్యుమోనియా ముందే ముంచేసిందని, అందులో పన్ను వాటా ఎంతో చెప్పలేమని ఐసీయూ పెద్ద డాక్టరు అన్నాడు. అది నిజమే అయి ఉండొచ్చు. పీకుడు డాక్టరుకి ఆ మాట ఎక్కడా ఆనలేదు. మొదటిరోజే పీకేసి ఉంటే ఆ దారమే ఉండేది కాదని ఆయన లోలోపల కుమిలిపోయాడు. ఆ కుమిలిపోవడంలో కొంత సుఖం కూడా ఉంది. తప్పు నాదే అనుకుంటే ఇంకొకరి పేరు ఎత్తక్కర్లేదు.

కానీ ఎత్తక తప్పని రోజు వచ్చింది. పెద్ద డాక్టరు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. దారం కత్తిరించింది ఎవరని అడిగారు. డ్యూటీ నర్సు గోడ పక్కన తల వంచుకుని నిలబడింది. ఆమెని పనిలోంచి తీసేయడం దాదాపు ఖాయమైపోయింది. పీకుడు డాక్టరు ఒకసారి ఆమె వైపు చూశాడు. ఒక్క మాట చెబితే ఆమె బయటపడుతుంది. ఆ ఒక్క మాట అటు తిరిగి, సందులో రెండు మిషన్ల మధ్య ఒంటరిగా కూర్చున్న ఇంకో ఆడమనిషి మీద పడుతుంది. ఆమె బతికున్నంత కాలం దించుకోలేని బరువది.

"దారం ఎవరూ కత్తిరించలేదు" అన్నాడు. "నేను వేసిన ముడి జారింది. మిగిలిన దారం నేనే తీసి పారేశాను."

ఆయన ముడి జారడమా అని కుర్ర డాక్టర్లు మొహమొహాలు చూసుకున్నారు. వయసు మీద పడుతోంది కదా అని ఎవరో గొణిగారు. ఇకమీదట ఐసీయూ పని మరొకరు చూస్తారని, ఆయన తన గదివరకు చూసుకుంటే చాలని మర్యాదగానే చెప్పారు. నర్సు బయటికొచ్చి చేతులు జోడించబోతే, పని చూసుకోమ్మా అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భార్యకి కూడా అదే చెప్పాడు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఊరెళ్ళేటప్పుడు ఆయన కట్టిన మూటల ముడులు విప్పలేక ప్రతిసారీ కత్తిపీట తెచ్చుకున్న మనిషి ఆవిడ. మీ ముడి జారిందా అని అడిగింది. జారింది అన్నాడు. ఆవిడ కంచం పెట్టింది. ఆ పూట రేడియో పెట్టలేదు.

కొన్నాళ్ళకి అక్క వస్తువులు తీసుకెళ్ళడానికి చెల్లెలు వస్తోందని కబురొచ్చింది. పన్ను కూడా ఇచ్చేయాలి. దారంతో ఇవ్వడానికి లేదు. ముడి చూస్తే చాలు, అది జారలేదని ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది. ఆయన పన్నుని దీపం కింద పెట్టుకుని విప్పబోయాడు. గోరుతో లాగాడు, సూదితో కెలికాడు. రాలేదు. బాగుందని మెచ్చిన మనిషి పోయింది, ఇక ఆ ముడి బాగుందని చెప్పేవాళ్ళు లోకంలో లేరు. చివరికి కత్తెర తీసుకుని ఆయనే కత్తిరించాడు. ముక్కలు చేతిలోంచి ఎక్కడ పడ్డాయో కూడా చూసుకోలేదు.

చెల్లెలు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పన్నుకి వేసిన ముడి జారిందని ఆమెకి ఆసుపత్రి వాళ్ళు చెప్పారు; తను కత్తిరించింది ఏదో కుట్టు కొసేనని ఆమె ఇంకా అనుకుంటోంది. కాగితంలో చుట్టిన పన్ను తీసుకుని, విప్పి చూసి, మళ్ళీ చుట్టి సంచీలో పెట్టుకుంది. అప్పటిదాకా అణుచుకున్నదంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటిరోజు అక్క ముడి వేయడమే నేర్పేది. అది సరిగ్గా వచ్చేదాకా బట్ట ముట్టుకోనిచ్చేది కాదు. మీకు ముడి వేయడం రాకపోతే మనిషి నోట్లో చెయ్యెందుకు పెట్టారు సార్?"

"తప్పే" అన్నాడాయన.

"తప్పంటే మా అక్క వస్తుందా?"

మిమ్మల్ని జన్మలో క్షమించనని చెప్పి ఆమె గుమ్మం వైపు నడిచింది. తలుపు తీసి, తిట్టాల్సింది ఇంకా మిగిలిపోయినట్టు వెనక్కి తిరిగి ఆయన్ను ఎగాదిగా చూసింది. ఇందాక కత్తిరించిన పట్టుదారం ముక్క ఒకటి ఆయన కోటు చేతికి అంటుకుని, నల్లగా, సన్నగా వేలాడుతోంది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె చేయి మాత్రం తన మానాన సంచీలోకి వెళ్ళింది. రెండడుగులు వెనక్కి వచ్చి, కత్తెర తీసి ఆయన చేతి మీదికి వంగింది. ఆమె కత్తిరించడం అయ్యేదాకా ఆయన చేయి చాచి కదలకుండా నిలబడ్డాడు.